బ్రెజిల్ ఈశాన్యానికి కోయిలకుంట్ల అండ

"బ్రెజిల్ ఈశాన్య ప్రాంతానికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దేదాకా నేను కునుకు తీయను" అని రాష్ట్ర ప్రాంతీయ సమతుల్యతా సలహా మండలి అధ్యక్షులు శ్రీ సుంకప్పగారు కోయిలకుంట్ల గెస్ట్‌హౌసులో ప్రకటించినప్పుడు, విలేకరుల్లో ముందు వరసలో కూర్చున్నది నేనే. ప్రకటన అయ్యాక భోజనం పెట్టారు. భోజనమయ్యాక ఆయన లోపలి గదిలో ఏసీ వేయించుకుని సాయంత్రం దాకా కళ్లు మూసుకున్నారు. అది నిద్ర కాదని, వ్యూహరచన అని గన్‌మెన్ నాకు చెప్పాడు. నేను అలాగే రాశాను.

సుంకప్పగారి గురించి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ముప్పై ఏళ్లుగా ఆయన వృత్తి అన్యాయం. చేయడం కాదు, చెప్పడం. శ్రీశైలంలో నీళ్లున్నా మన పొలానికి రాలేదని, ఫ్యాక్టరీ అటు పోయిందని, ఆఫీసు ఇటు రాలేదని ఆయన మైకు పట్టుకుంటే అరగంటలో జనం రక్తం మరిగేది. ఆ తర్వాత బిర్యానీ పొట్లాలు వచ్చేవి, రక్తం చల్లారేది. అలాంటి మనిషి పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆయనకు మండలి పదవి, క్యాబినెట్ హోదా, సైరన్ కారు ఇచ్చారు. ఆ రోజుతో సీమకు అన్యాయం ఆగిపోయింది. పాపం, ఆయనకే అలవాటు పోలేదు. మైకు కనపడగానే "అన్యా..." దాకా వచ్చి, కారు గుర్తొచ్చి, మిగతాది మింగేసేవారు. అలా మింగి మింగి కడుపుబ్బరం పట్టుకుంది. కర్నూలు డాక్టరు మాత్రలు రాశాడు గానీ గుణం కనిపించలేదు.

ఆ సమయంలో ఆయన దగ్గరికి వెళ్లాడు జయపాల్. మా ఊరి మిషన్ స్కూల్లో పీఈటీ. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాడు. వెంట ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లాడు. గోల్ కొట్టే మహిమ, గోల్ కాపాడే సాజియా. మహిమ అమ్మానాయనలు బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నారు, పిల్ల ఇక్కడ అవ్వ వరమ్మ దగ్గర పెరుగుతోంది. నేను వార్త ఏదైనా దొరుకుతుందేమోనని వాళ్ల వెనకాలే వెళ్లాను.

విషయం చిన్నదే. దక్షిణ రాష్ట్రాల బాలికల కప్పు అని ఒకటుంది. దానికి మన రాష్ట్ర జట్టును ఎంపిక చేసే కప్పు కమిటీ ఎప్పుడూ సముద్రం పక్క ఊర్లోనే సెలెక్షన్లు పెడుతుంది. నిరుడు ఈ పిల్లలు ఎర్రగుంట్లలో రైలెక్కి పోయారు. రైలు ఆలస్యమైంది. చేరేసరికి అక్కడ కుర్చీలు మడుస్తున్నారు. జట్టులో సీమ పిల్ల ఒక్కతీ లేదు. మహిమకు ఇదే ఆఖరి ఏడు, తర్వాత వయసు దాటిపోతుంది.

"ఒక్కరోజు సెలెక్షన్లు ఈడ పెట్టియ్యండి సార్. మీరు ఒక్క మాట చెప్తే చాలు" అన్నాడు జయపాల్.

సుంకప్పగారు నిట్టూర్చారు. "ఎవరికి చెప్పల్లప్పా? ముందైతే ప్రభుత్వం మీద పడేవాణ్ని. ఇప్పుడు ప్రభుత్వం మనదే. మన మీద మనమే కొట్లాడితే చూసేటోళ్లు నవ్వరా?"

"మాకు అన్యాయం జరుగుతాండాది సార్" అంది మహిమ.

"పాపా, ఆ మాట ఈడ అనొద్దు. గన్‌మెన్లు వింటాండారు."

జయపాల్‌కు ఉక్రోషం వచ్చింది. "యాడైనా ఇంతేలే సార్. బ్రెజిల్లో చూడండి. పెద్ద లీగులో ఇరవై జట్లు. ఒక్క సావో పాలో రాష్ట్రానికే ఆరు, రియోకు నాలుగు. ఈశాన్యాన తొమ్మిది రాష్ట్రాలుండాయి, అన్నిటికీ కలిపి రెండు. ఆ రెండూ ఒకే ఊరివి. ఆడ గూడా మన మాదిరే సార్, లోపలికి పోతే వాన పడదు, ముళ్లచెట్లు, మేకలు. పని కోసం సావో పాలోకు వలస పోతారు."

సుంకప్పగారు మెల్లగా లేచి నిలబడ్డారు. "ఆడ మన పార్టీ ప్రభుత్వమా?"

"కాదు సార్."

"పొత్తులో ఏమన్నా ఉండామా?"

"లేదు సార్."

"అయితే కొట్లాడుదాం!" అన్నారు ఆయన. అని, నెలల తర్వాత మొదటిసారి బ్రేవ్‌మని తేన్చారు. గన్‌మెన్లు సంతోషంతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి మా సెలెక్షన్లు..."

"ఉండప్పా. ముందు పెద్ద అన్యాయం. చిన్న అన్యాయం యాడికి పోతాది?"

జయపాల్ విషయంతో పాటు ఒక ఉదాహరణ పట్టుకెళ్లాడు. ఆయన ఉదాహరణ ఉంచుకుని విషయం వాపసిచ్చారు.

మర్నాడే బ్రెజిల్ ఈశాన్య హక్కుల సాధన సమితి ఏర్పడింది. మండల పార్టీ అధ్యక్షుడు మారెన్న కన్వీనరు. జయపాల్ సాంకేతిక సలహాదారు. ఒక వాస్తు సిద్ధాంతిని కూడా వేశారు గానీ, ఈశాన్యంలో బరువు ఎంత తక్కువుంటే ఇంటికి అంత మంచిదని ఆయన మొదటి మీటింగులోనే అనడంతో క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. తర్వాత సుంకప్పగారు జయపాల్‌ను వివరాలు అడిగారు.

"ఒకే ఏడు ఈశాన్యం జట్లు మూడింటిని కింది తరగతికి దించినారంట గదా. జీవో ఎవరిచ్చినారు?"

"జీవో లేదు సార్. ఓడిపోయినాయి."

"ఎవరి చేతిలో?"

"సావో పాలో, రియో... అందరి చేతిలో."

"విన్నారా! ఓడించేదీ వాళ్లే, దించేదీ వాళ్లే."

"ఉత్తరాన అమెజాన్ పక్క జట్టొకటి మాత్రం ముప్పై ఏండ్ల తర్వాత పైకొచ్చింది సార్."

"ఎవరి పైరవీ?"

"గెలిచినారు సార్."

సుంకప్పగారు జాలిగా తల ఊపారు. "గెలిచి రావాల్సిన గతి పట్టిందంటే, పాపం వాళ్లకు నాయకుడే లేడప్పా."

ఇక ఉద్యమం. రాస్తారోకో చేస్తే మన ప్రభుత్వానికి చెడ్డపేరు. రైలు ఆపితే ఢిల్లీలో పొత్తుకు చెడ్డపేరు. మారెన్న తల గోక్కుని, మన కార్లనే మనం ఆపుకుందామన్నాడు. అది అందరికీ నచ్చింది. ఎర్రగుంట్ల రోడ్డు పక్కన సుంకప్పగారి కాన్వాయ్ మొత్తం గంటసేపు నిలిచిపోయింది. సిమెంటు లారీలు దుమ్ము రేపుకుంటూ దర్జాగా పోయాయి. ఒక లారీ డ్రైవరు మాత్రం బండి ఆపి, "పంచరా అన్నా? జాకీ ఉండాది, ఇయ్యల్లనా?" అని అడిగాడు. ఉద్యమానికి సంఘీభావం తెలిపిన తొలి కార్మికుడిగా అతని ఫోటో వేశాం.

శ్రీశైలంలో అభిషేకం చేయించారు. దర్గాలో చాదర్ కప్పించారు. ఆదివారం మా చర్చిలో కూడా ప్రార్థన పెట్టించారు. అందరూ కళ్లు మూసుకున్నాక వరమ్మ గొంతు వినపడింది. "ప్రభువా, ఆ దేశపోళ్లకు నీళ్లియ్యి, ఆటలియ్యి. వాళ్ల పని అయినాక మా పాపది గూడా రవ్వంత చూడు తండ్రీ." ఉన్నదున్నట్టు రాసి పంపాను. డెస్కు వాళ్లు స్థలాభావం వల్ల రెండో వాక్యం తీసేశారు.

ఉద్యమానికి ముగింపుగా సంఘీభావ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. ఈశాన్యం జట్టుకూ సావో పాలో జట్టుకూ మధ్య. ముఖ్య అతిథి కోసం వెతుకుతుంటే, జయపాల్ మారెన్న చేతులు పట్టుకుని కప్పు కమిటీ సెలెక్టరు పేరు సూచించాడు. ఆయన వస్తానన్నాడు. మహిమ ఆ వారమంతా తెల్లారకముందే లేచి బండరాళ్ల మధ్య బంతి తన్నుకుంటూ కనపడింది. సెలెక్టరు సీమకు రావడం అదే మొదలు. అతని కంట్లో పడితే చాలని ఆ పిల్ల ఆశ.

ఈశాన్యం జట్టు ఎంపిక పూర్తిగా ప్రాంతీయ ప్రాతినిధ్య సూత్రం మీద జరిగింది. మండలానికొక నాయకుడు. గోల్‌కీపరు పదవి కోసం రెండు వర్గాలు పట్టుబట్టడంతో ఇద్దరినీ నియమించారు. పన్నెండు మంది అయ్యారని రిఫరీ అభ్యంతరం చెప్తే రిఫరీని మార్చారు. వచ్చిన చిక్కల్లా సావో పాలో జట్టుతోనే. అన్యాయం చేసే పక్షాన నిలబడటానికి ఏ నాయకుడూ ఒప్పుకోలేదు. చివరికి జయపాల్ పిల్లలకు ఆ రంగు బనియన్లు వేశారు. వాళ్లకు ఓట్లు లేవు గనుక పోయే రాజకీయ భవిష్యత్తూ లేదు.

"పాపా, మీరు ఓడిపోవల్ల" అని మారెన్న మహిమకు వివరించాడు.

"సెలెక్టరు సారు చూడనీకి వస్తాండాడు గదన్నా. ఓడిపోతే నన్నేం చూస్తాడు?"

"నీది ఒక్కదాని సంగతి. ఈశాన్యానిది తొమ్మిది రాష్ట్రాల సంగతి. న్యాయం గెలవల్లనా, వద్దా?"

జయపాల్ పిల్లల్ని పక్కకు పిలిచి, "మీరు ఆడండి. తర్వాత సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

వాళ్లు ఆడారు. ఏం చెప్పమంటారు, మహిమ బంతి పట్టిందంటే నాయకులు దారిచ్చి పక్కకు జరిగేవారు. ముఖ్యమంత్రికి కూడా వాళ్లు అంత మర్యాదగా జరగడం నేను చూడలేదు. ఇద్దరు గోల్‌కీపర్లూ బంతి ఎదుటి వర్గం వైపు వస్తోందని నమ్మి కదలకుండా నిలబడ్డారు. అటు సాజియాకు పనే లేక గోలుపోస్టుకు ఆనుకుని కూర్చుంది. సగం ఆటకే ఐదు గోల్స్, నాలుగు మహిమవే. సెలెక్టరు కుర్చీ అంచుకు జరిగి, కూల్‌డ్రింకు పక్కన పెట్టేసి చూస్తున్నాడు. నాకు ఈలవేయాలనిపించింది.

అప్పుడు సుంకప్పగారు మైకు తీసుకున్నారు. "ఐదు గోల్సూ ఒకే ప్రాంతానికా? దీన్నే గదా మనం ఇన్నాళ్లూ వ్యతిరేకిస్తాండేది!"

చప్పట్లు మోగాయి. విస్తీర్ణం, వెనకబాటుతనం లెక్కగట్టి ఆయన అక్కడికక్కడే ఈశాన్యానికి మూడు గోల్స్, సావో పాలోకు రెండు గోల్స్ కేటాయించారు. రెండో సగం ఆడితే అసమానత పెరిగే ప్రమాదం ఉందని దాన్ని రద్దు చేశారు. ఈశాన్యం గెలిచింది. బాణసంచా కాల్చారు.

జయపాల్ సెలెక్టరు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, చూసినారు గదా! ఆ పాప..."

"అద్భుతంగా ఆడిందండీ" అన్నాడు సెలెక్టరు మనస్ఫూర్తిగా. "కానీ ఓడిపోయిన జట్టు కదా. పైగా మీరిచ్చిన ఆటగాళ్ల జాబితాలో ఆ అమ్మాయిది సావో పాలో అని ఉంది. సీమ కోటాలో ఎలా తీసుకోను? ఈశాన్యం పక్షాన ఉన్న సీమ వాళ్లలోంచి ఒకరిని తీసుకోమంటే తీసుకుంటాను."

"వాళ్లంతా మొగోళ్లు సార్. ఇది ఆడపిల్లల జట్టు!"

"ఆటగాడిగా కుదరదు. మేనేజరుగా కుదురుతుంది."

అలా సుంకప్పగారు రాష్ట్ర బాలికల జట్టుకు మేనేజరయ్యారు. మహిమ బనియను విప్పి మడిచి జయపాల్ చేతికిచ్చి ఇంటికి నడిచింది. నాకు నిజంగానే ఒళ్లు మండింది. కానీ అప్పటికే నా చేతిలో ఆయనకు వేయాల్సిన దండ ఉంది. మర్నాడు మా పేపర్లో పెద్దక్షరాల శీర్షిక: రాష్ట్ర జట్టులో సీమకు స్థానం.

ఆ నెలలోనే మహిమ బెంగుళూరులో పని దగ్గరి రేకుల షెడ్డులో ఉంటున్న అమ్మానాయనల దగ్గరికి పోయింది. వాళ్లు పనిచేసే బిల్డింగుకు రెండు వీధుల అవతల మైదానం ఉందట. అక్కడ ఒక ఆదివారం సెలెక్షన్లు పెట్టారు. ఆ పిల్ల నడిచి వెళ్లి ఆడింది, వాళ్లు తీసుకున్నారు. ఇంతకుమించి చెప్పుకోదగ్గ ఘట్టమేదీ అక్కడ జరగలేదు.

దక్షిణ కప్పు ఆ ఏడు బెంగుళూరులోనే జరిగింది. మేనేజరుగారి కారులో నేనూ వెళ్లాను. జయపాల్, సాజియా బస్సులో వచ్చారు. మొదటి మ్యాచే మన రాష్ట్రానికీ కర్ణాటకకూ. మూడు సున్నాతో ఓడిపోయాం. మూడూ కొట్టింది మహిమ.

మన పక్క అందరూ తలలు దించుకున్నారు. సుంకప్పగారు మాత్రం నా భుజం తట్టి, "రాసుకోప్పా" అన్నారు. "నిరుడు ఈ కప్పులో సీమోళ్లు ఎంతమంది? సున్నా. ఈ ఏడు ఆ పక్క మన పాప, ఈ పక్క నేను. ఒకే గ్రౌండులో రెండు జట్లలోనూ సీమకు ప్రాతినిధ్యం. బ్రెజిల్లో గూడా ఇంత లేదు."

"గోల్స్ పడింది మన మీదే కదన్నా" అన్నాను.

"కొట్టింది సీమ బిడ్డ గదప్పా! తిన్నది రాష్ట్రం. అది రాయి."

ఆయన మహిమను పిలిపించి, పక్కన నిలబెట్టుకుని, ఫోటోలు తీయించుకున్నారు. శానా గర్వంగా ఉండాదమ్మా అన్నారు. మహిమ కెమెరా వైపు చూడలేదు. అప్పుడు సాజియా ముందుకొచ్చింది. ఆమె మహిమ కంటే ఒక ఏడు చిన్నది.

"సార్, వచ్చే ఏడు నాకు ఆఖరు. అప్పుడన్నా సెలెక్షన్లు మన కోయిలకుంట్లలో పెట్టియ్యండి సార్."

సుంకప్పగారు ఆప్యాయంగా ఆమె తల నిమిరారు. "ఎందుకమ్మా ఇంగ? అన్యాయం తీరిపాయె గదా. బెంగుళూరు యాడుందనీ, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావు."

అని, కెమెరా వైపు తిరిగి బొటనవేలు ఎత్తారు.

సాజియా మహిమ పక్కకు వెళ్లి చిన్నగా అడిగింది.

"మీ షెడ్డులో ఇంగొకరు పండుకునేకి తావుండాదా?"

"అమ్మను అడిగి చెప్తా" అంది మహిమ.