బావ తరఫున నడిచినవాడు

దీర్ఘవ్యాధులను తరిమికొట్టవలసినవాళ్లు చదువుకున్న కుర్రవాళ్లే! రోగికి అందులో ఏం పని? ఈ సంగతి తెలియక మా తిరుత్తణిలో కొందరు పెద్దమనుషులు ఒళ్లు అలిసేలా నడుస్తున్నారని విని చాలా బాధపడ్డాను.

అసలు మాకు తీరికెక్కడిది? తిరుత్తణి ఆంధ్రలో ఉండాలా, మద్రాసులో కలవాలా అని ప్రతి సాయంత్రం మీటింగుల్లో గొంతు చించుకోవాలి. మధ్యలో బోండాలు, కాఫీలు, మళ్లీ ఒక తీర్మానం. ఇక చక్కెర జబ్బు సంగతి ఎప్పుడు చూసుకుంటాం?

అందుకే దేవుడు మాకు డాక్టర్ సుందరరాజులును పంపించాడు. మద్రాసులో కొత్తగా ఎం.బి.బి.ఎస్. ప్యాసై వచ్చినవాడు. స్కూలు మాస్టరు నటరాజును వెంటబెట్టుకుని ప్రతి ఆదివారం సైకిళ్ల మీద ఊళ్లు తిరుగుతాడు. స్పిరిట్ దీపం, గాజు గొట్టాలు, ఒక నీలం మందు. అందులో మన మూత్రం కొన్ని చుక్కలు వేసి కాచితే, చక్కెర బాగా ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. లేకుంటే నీలంగానే ఉంటుంది. ఫీజు కూడా లేదు!

మా వజ్రమ్మక్క మొగుడు వెంకటపతి బావ ముప్పై ఎకరాల ఆసామి. ఆయన పనులన్నీ పాలేరు చౌడయ్యే చేస్తాడు. ఆడికృత్తిక పండుగకు మా కొండమీది స్వామికి బావ మొక్కుకున్న కావడిని కొండెక్కించింది కూడా చౌడయ్యే. స్వామి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. డాక్టరు స్వామికన్నా గొప్పవాడా?

"నా నీళ్లు సీసాలో పట్టి ఊరందరికీ చూపించేదా? థూ, వేండాం! చౌడయ్యది పంపించండి" అన్నాడు బావ.

పంపించాం. నీలం! ఆ సంతోషంలో ఇంట్లో జాంగ్రీలు చేయించాం. డాక్టరు ఊరుకోక, "ఎందుకైనా మంచిది మామా, దినామూ మూడు మైళ్లు నడవండి" అన్నాడు. అదెంత పని? మర్నాటి నుంచి చౌడయ్య పొదటూరుపేట రోడ్డు మీద నడవసాగాడు. బావ అరుగు మీద కూర్చుని, "ఈ పొద్దు సరిగ్గా నడిచినావా?" అని విచారించేవాడు. ఎంత క్రమశిక్షణ!

ఆరు నెలల్లో చౌడయ్య నడక అమోఘంగా తయారైంది. బావ బొటనవేలికి చెప్పు ఒరుసుకుని పడ్డ పుండు మాత్రం మానలేదు. చక్కెర లేదుగా, అదే మానుతుందిలే అన్నాం. వేలు నల్లబడింది. ఆ నలుపు పైకి పాకింది.

మద్రాసు ఆసుపత్రిలో బావ నీళ్లను మొదటిసారి పరీక్ష చేశారు. ఇటుక రంగు.

"కాలు తీయాల మామా. ఈ కాయితంలో సంతకం పెట్టండి" అన్నాడు మా వెంట వచ్చిన సుందరరాజులు.

"చౌడయ్య యాడ? వాణ్ణి పిలవండి" అన్నాడు బావ. అలవాటు! ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ కుర్రడాక్టరు వరండాలో కూర్చుని ఏడ్చాడు. ఆదివారాలన్నీ పాడుచేసుకుని ఆయన వైద్యం చేసింది ఏ జబ్బూ లేనివాడికి. ఆయన చదువుకు లోటేమీ లేదు, ఆయన ముందు నిజం చెప్పే పెద్దమనిషే ఊళ్లో లేకపోయాడు. ఆ రోజు సీసా మీద బావ పేరు రాసింది నేనే. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న మా అక్క నా చేతిలో ఒక ఖాళీ సీసా పెట్టింది. "నీకూ దప్పి జాస్తిగా ఉండాది కదరా. చౌడయ్య మడికాడికి పోయినాడు. నువ్వే పో" అనింది.

ఈ నాలుగు ముక్కలు సుందరరాజులు డిస్పెన్సరీ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. సీసా మీద పేరు నాదే. లోపల ఉన్నదీ నాదే.