కారు లేనివాళ్లకు కరోనా రాదు

కారు లేనివాళ్లకు కరోనా రాదు. నవ్వకండి! ఇది నా సొంత కవిత్వం కాదు, మా నగర ఆరోగ్య సమానత్వ సంఘం వారి ఉత్తర్వు, నాలుగో పేరా. పరీక్షలు ‘వాహనంలో కూర్చున్నవారికి మాత్రమే’ చేస్తామని అందులో స్పష్టంగా అచ్చయి ఉంది. అంతంత చదువులు చదివిన పద్నాలుగు మంది కలిసి రాశారంటే, కారు లేనివాళ్ల జోలికి ఆ జబ్బు పోదని వాళ్లకు రూఢిగా తెలిసే ఉండాలి కదా?

నేను ముప్పై ఏళ్లు ఈ నార్త్ బెండ్ పేటలో ఉత్తరాలు పంచినవాణ్ణి. ఏ గుమ్మం ముందు కారుందో, ఏ గుమ్మం ముందు లేదో నాకు నోటికి వచ్చు. మా వీధిలో పదకొండు ఇళ్లు, రెండు కార్లు. అందులో ఒకటి నడుస్తుంది. అంటే మేమెంత ఆరోగ్యవంతులమో మీరే ఊహించుకోండి.

ఆ సంఘాన్ని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. పాపం, వాళ్లేం తక్కువ చేశారు? ఈ జబ్బుతో ఊళ్లో తెల్లవాళ్లు ఒకరు పోతే నల్లవాళ్లం ఇద్దరం పోతున్నామని తేల్చింది వాళ్లే. తేల్చి ఊరుకున్నారా? ఊరి పటం గీయించి మా పేటకు ముదురు ఎరుపు పూయించారు. మొట్టమొదటి పరీక్షా కేంద్రం మా పేటలోనే పెట్టాలని తీర్మానం చేశారు. ఎక్కడ పెట్టారంటారా? రెండేళ్ల కిందట మూసేసిన మా ఆసుపత్రి పార్కింగ్ స్థలంలో. మూసేసిన రోజున మేమంతా బుద్ధిలేక గోల చేశాం. ఆసుపత్రి నడుస్తూ ఉంటే అంత చక్కటి ఖాళీ జాగా ఎక్కడ దొరికేది!

కేంద్రం తెరిచిన రోజు మా వీధికి వచ్చిన కళ చూడాలి. ఊరి అవతలి పెద్ద పెద్ద ఇళ్ల నుంచి రెండు మైళ్ల పొడుగున కార్లు! ముప్పై ఏళ్లలో మా వీధి మొహం చూడనివాళ్లు తలుపులకు లోపలి నుంచి తాళాలు నొక్కుకుని, అద్దాల్లోంచి మమ్మల్ని చూస్తూ మెల్లగా కదిలారు. పరీక్షకు ముందు ఇచ్చే పత్రంలో ‘జాతి’ అనే గడి తప్పనిసరిగా నింపాలట. తెల్ల, తెల్ల, తెల్ల, మళ్లీ తెల్ల. సాయంత్రానికి సమానత్వం కట్టలు కట్టలుగా పోగుపడింది.

ఇక వెర్నెల్ అమ్మ సంగతి. మా చర్చికంతటికీ పెద్దదిక్కు ఆవిడ, అందుకే అందరికీ అమ్మ. డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ ఇల్లు సరిగ్గా ఆ కేంద్రానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల. వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చుంటేనే ఆవిడ ఒంట్లో రక్తం శుభ్రపడుతుంది. గురువారం నాటికి కరోనా లేదన్న కాగితం తేకపోతే కుర్చీ ఇవ్వబోమని డయాలసిస్ వాళ్లు చెప్పేశారు. కుర్చీ తప్పితే ఒంటికి నీరు పడుతుంది, ఊపిరాడదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. అందరం భయపడ్డాం.

సోమవారం పొద్దున్నే ఆవిడ ఆదివారం పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని, వాకర్ తోసుకుంటూ రోడ్డు దాటింది. గేటు దగ్గర కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డ హోలిస్ అనే అమ్మాయి ఎంతో మర్యాదగా ఆపింది. నడిచి వచ్చేవాళ్లను లోపలికి వదిలితే ఏ కారైనా గుద్దేయవచ్చు, అందుకే ఈ నిబంధన అంది. మా ప్రాణాల మీద ఎంత శ్రద్ధో చూశారా!

“నా వాకర్‌కీ నాలుగు చక్రాలున్నాయిగా తల్లీ,” అంది వెర్నెల్ అమ్మ.

“దానికి నంబరు ప్లేటు లేదు కదండీ,” అంది హోలిస్. ఆ పిల్ల నిజంగానే నొచ్చుకుంది. పైవాళ్లకు ఫోన్ కూడా చేసింది. పైవాళ్లు సమానత్వం మీద మీటింగులో ఉన్నారు.

మా వీధిలో నడిచే ఆ ఒక్క కారూ పొద్దున్నే దాని యజమానురాలితో పాటు పనికి వెళ్లిపోతుంది. పరీక్షకైతే మేం రామని టాక్సీవాళ్లు అన్నారు. చివరికి మా పాస్టరు గారు క్లియోఫస్ రెయినీకి కబురు పెట్టారు. రెయినీది అంత్యక్రియల వ్యాపారం. మా పేటలో ఎవరు పోయినా సాగనంపేది ఆయనే. ఖాళీగా ఉన్నది శవాల బండి ఒక్కటేనని ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు. వెర్నెల్ అమ్మ కాసేపు ఆలోచించి, వెనకాల మాత్రం ఎక్కనంది.

మంగళవారం రెయినీ తెల్ల చేతితొడుగులతో వచ్చి, ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, క్యూ చివర నిలబడదామని రెండు మైళ్లు వెనక్కి తీసుకెళ్లాడు. అలవాటుకొద్దీ లైట్లు వేశాడు. అలవాటుకొద్దీ నడక వేగంతో పోనిచ్చాడు.

మా రాష్ట్రంలో శవయాత్ర వస్తే బండ్లు పక్కకు తీసి ఆపాలి. చట్టం కూడా ఉంది గానీ, అది చట్టం కన్నా ముందు తల్లిదండ్రులు నేర్పే మర్యాద. క్యూలో ఆఖరి కారాయన అద్దంలో చూసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన ముందాయన తప్పుకున్నాడు. అలా రెండు మైళ్లూ తప్పుకున్నారు. మగవాళ్లు టోపీలు తీశారు, ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. రెయినీ కంగారుపడి ఆపబోతే, “పోనీ నాయనా, వాళ్ల మర్యాద మనమెందుకు కాదనాలి?” అందట వెర్నెల్ అమ్మ, ముందు సీట్లోంచి అందరికీ చెయ్యి ఊపుతూ.

హోలిస్ నంబరు ప్లేటు చూసింది. వాహనమే. ఇక అడ్డేముంది?

ఆ వారమంతా మా పేట పెద్దమ్మలు టోపీలు పెట్టుకుని వరండాల్లో రెయినీ కోసం ఎదురుచూశారు. ఇరవై ఆరుగురిని తిప్పాడాయన, అందరినీ ముందు సీట్లోనే. ఈ పేటలో ఇన్ని చావులా అని క్యూలోవాళ్లు నిట్టూర్చారట. అంతకుముందు, ఈ కేంద్రం ఇంకా తెరవని ఏప్రిల్‌లో నిజంగానే అన్ని చావులు జరిగినప్పుడు, తప్పుకోవడానికి ఆ రోడ్డు మీద ఎవరూ లేరు.

గురువారం వెర్నెల్ అమ్మ కాగితం చూపించి తన కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు చెప్పండి, ఆ నాలుగో పేరా మేలు చేసిందా, కీడు చేసిందా?

తరువాత సంఘం వారు నివేదిక కోసం ఆవిడకొక ప్రశ్నాపత్రం పంపారు. నేనే చదివి నింపి పెట్టాను. ఏ వాహనంలో వచ్చారు? శవాల బండి. ఆ వాహనం మీకు ఎంతకాలంగా అందుబాటులో ఉంది?

ఆవిడ నా వంక చూసింది. “పుట్టినప్పటినుంచీ అని రాయి నాయనా. పిలవగానే మా వీధికి వచ్చే బండి అదొక్కటే. ఈసారి కూర్చుని వెళ్లాను, అంతే తేడా.”

అలాగే రాశాను. నివేదిక పోయిన వారం అచ్చయింది. మా పేటకు ఎదురుగా ‘వాహన సౌకర్యం ఉంది’ అని వేశారు.