సోన్‌ఖత్ గదికి టేకు తలుపు

స్వతంత్ర దేశంలో పౌరుడు పన్ను ఎగ్గొట్టవచ్చు, ఓటు ఎగ్గొట్టవచ్చు, కానీ పొద్దున్నే చేయవలసిన ఒక పనిని మాత్రం ఎగ్గొట్టలేడు. ఈ మహాసత్యాన్ని 1954లో షోలాపూర్‌లో సోన్‌ఖత్ శాఖవారు కనిపెట్టారు. సోన్‌ఖత్ అంటే మరాఠీలో బంగారపు ఎరువు. జనం మలాన్ని చెత్తతో కలిపి మాగబెట్టి చెరుకు తోటలకు తోలిస్తే తిండి కరువు తీరుతుందని శాఖ లెక్క. (తిన్నది మళ్లీ తిండి అవుతుంది. మధ్యలో జరిగేదంతా శాఖ చూసుకుంటుంది.) ఆలోచన మంచిదే. ఆఫీసు మెట్లెక్కేదాకా ఏ ఆలోచనైనా మంచిదే.

దాజీ పేట్‌లో బాలమణి ఉండే తెలుగు నేతగాళ్ల వాడకు రోజుకు ఎనిమిది గంపల కోటా పడింది. బాలమణి బీడీలు చుడుతుంది, ఆమె పెనిమిటి సిద్ధరాములు చీరలు నేస్తాడు. ఆ వాడలో ఎవరికీ సోమరితనం లేదు. అయినా గంపలు నాలుగు దాటడం లేదు. సోన్‌ఖత్ ఇన్‌స్పెక్టర్ రాజారాం నోటుబుక్కుతో దిగి, వాడ మొత్తం సహాయ నిరాకరణ చేస్తున్నదా అని ఆరా తీశాడు. (అమావాస్యనాడు మగ్గాలు బందు కదా, ఆ రోజు ఉత్పత్తి ఎట్లా జరిగిందని కూడా అడిగాడు.)

అసలు సంగతి వాడలో అందరికీ తెలుసు. ఆడవాళ్ల సండాసుకు, అంటే మరుగుదొడ్డికి, తలుపు లేదు. మూడేళ్ల కింద బాగు చేయిస్తామని ఊడబెరుక్కుపోయిన తలుపు ఇంకా బాగవుతూనే ఉంది. సండాసు వాకిలి నేరుగా సందులోకి. అందుకని ఆడవాళ్లు కోడి కూయకముందే నాలా అవతలి బీడుకు పోయి వస్తారు, ఆ తర్వాత మళ్లీ పోవలసి రాకుండా రోజంతా నీళ్లకు నోరు కట్టుకుంటారు.

బాలమణికి ఆ బాధ అలవాటే. కానీ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు లలిత కూడా నీళ్లు మానేసింది. ఏడో నెల. ఒకసారి మూత్రంలో మంటపుట్టి జ్వరం వచ్చింది, ఇంకోసారి పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడింది. "నీళ్లు తాగకుంటే తల్లికి కష్టమే, పిల్లకు కష్టమే" అని మంత్రసాని యమునాబాయి ఖరాఖండిగా చెప్పింది. ఆ మాటతో బాలమణి లేచింది. బీడీల చాట పక్కకు నెట్టి, కొంగు దోపుకొని శాఖకు పోయింది.

"సారూ, మా సండాసుకు తలుపు ఎప్పుడు వెడ్తరు?"

"కోటా పూరా అయితే మంజూర్ అయితది, బాయి. తలుపంటే ఇనాం" అన్నాడు రాజారాం.

"తలుపుంటే కద సారూ, మేం పోయేది!"

"మీరు పోతే కద బాయి, తలుపొచ్చేది!"

ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. అందుకే అది తెగలేదు.

సిద్ధరాములు నేతగాడు, వాదించడం రాదు. మిగిలిన దొడ్డు నూలంతా పోగేసి, నాలుగు రోజులు చీర పక్కనబెట్టి, మందపాటి చద్దరు ఒకటి నేశాడు. చేతులు ఊరుకోక అంచుకు నెమళ్లు కూడా దింపాడు.

"సండాసుకు నెమళ్లేందయ్యా!" అంది బాలమణి.

"నా బిడ్డ పోయే జాగ గద" అన్నాడు సిద్ధరాములు.

చద్దరు వేలాడదీసిన పొద్దున లలిత చెంబెడు నీళ్లు గటగటా తాగి, "అవ్వా, ఇంకో చెంబు" అంది తల్లితో. బాలమణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వాడంతా నీళ్లు తాగింది. వారం తిరిగేసరికి గంపలు పది.

ఆ పది గంపలూ వాడ సండాసులు ఎత్తే సుందరాబాయి నెత్తిమీదే పోయాయి. శాఖవారు ఆమె హోదాను 'సోన వాహిక'గా పెంచారు. గంపను మాత్రం మార్చలేదు.

"నిన్నటిదాంక గలీజన్నరు, ఇయ్యాల సోనా అంటున్నరు. కారేది మాత్రం నా మీదనే" అని ఆమె నవ్వింది.

కోటా దాటిన మొదటి వాడగా వాళ్ల పేరు బోర్డుకెక్కింది. తలుపు మంజూరైంది. ఎద్దుబండి మీద టేకు తలుపు, ఇత్తడి గొళ్లెంతో సహా దిగింది. బాలమణి పసుపూ కుంకుమా పట్టుకొని ఎదురెళ్లింది. బండి సండాసు దాటి, సందు చివర సోన్‌ఖత్ నిల్వచేసే కొత్త గది దగ్గర ఆగింది. వడ్రంగి అక్కడే తలుపు బిగించి తాళం వేశాడు.

"సారూ, జాగ తప్పిన్రు. సండాసు గిటు!" అని బాలమణి లబలబలాడింది.

రాజారాం ఓపికగా నచ్చజెప్పాడు. "ఆ అర్రల ఉన్నది సర్కారీ మాల్, బాయి. రైతులు కన్నేసిన్రు. మీ సండాసుల ఎత్కపోనీకి ఏమున్నది?"

"మా ఇజ్జత్ ఉన్నది, సారూ."

ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కు తిరగేశాడు. అందులో అటువంటి సరుకుకు గడి లేదు. పైగా తలుపు మంజూరైన వాడలో పరదా ఉంటే రెండు సదుపాయాలు అనుభవించినట్టవుతుందని పదిహేడో నిబంధన. అందువల్ల చద్దరును విప్పించి, మడతపెట్టించి, నెమళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కరాసి, రసీదు ఇచ్చి పట్టుకుపోయాడు. పరదా కడితే అది నేరమని వాడకంతా చాటించాడు.

మర్నాడు బాలమణి చెంబు అందించింది. లలిత పెదాలు తడుపుకొని, చెంబు తిరిగి ఇచ్చేసింది.

ఆ నెలాఖరుకు గంపలు నాలుగుకు పడిపోయాయి. శాఖవారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. ముగ్గురు అధికారులు వచ్చి, రెండు రోజులు విచారణ జరిపి, వాడలో ఎవరో సోన్‌ఖత్ దొంగిలిస్తున్నారని తేల్చారు. తలుపుకు రెండో తాళం వేయించారు.