రాణి లేపనం పుట్టుపూర్వోత్తరాలు

ప్రతి వస్తువుకూ ఒక పుట్టుక ఉండితీరాలి. అది జరిగినదే కానక్కర్లేదు. రాణి లేపనం కంపెనీలో మూలకథల విభాగం ఆమోదించిన మొదటి నిబంధన ఇది. (రెండో నిబంధన: మొదటిదాన్ని ప్రశ్నించేవారు మూడో అంతస్తుకు వెళ్లాలి.)

ఇటుకబట్టీ మామ్మ మూడో అంతస్తుకు వెళ్లింది. లిఫ్టు అధికారులకే కాబట్టి రొప్పుకుంటూ మెట్లెక్కింది. అసలా లేపనం కనిపెట్టింది ఆవిడే. ఒకప్పుడు ఇటుకలు మోసే తన గాడిద కుంటుతుంటే చూడలేక, నూనే, మైనమూ, పెరట్లో ఆకు పసరూ కలిపి కాచి రాసింది. వారం తిరక్కుండా గాడిద పరుగందుకుంది. చూసినవాళ్లు తమ మోకాళ్లకూ రాసుకున్నారు. కంపెనీ ఆ తయారీ హక్కు కొనుక్కుని, గాడిద పేరే డబ్బాకి పెట్టింది. ఇకమీదట మామ్మ ఇంట్లో కాయకూడదు. బదులుగా రాణి బతికున్నంతకాలం నెలకో డబ్బా ఉచితం. అదీ ఒప్పందం. ఇప్పుడు రాణి ముసలిదై మళ్లీ కుంటుతోంది. సరిగ్గా ఇప్పుడే డబ్బా రావడం మానేసింది. కొందామంటే, పేరుకి కిరీటం తగిలించినప్పటినుంచి ధర కూడా సింహాసనమెక్కి కూర్చుంది.

మూలకథల అధికారి మర్యాదగా కుర్చీ చూపించి, గోడమీది ఫ్రేమువైపు చెయ్యి చాచాడు. పూర్వం ఒక మహారాణి యుద్ధంలో గాయపడగా ఒక ముని ప్రసాదించిన లేపనమని అందులో ఉంది. (మొదటి ముసాయిదాలో ఆవిడ సేనాపతి. కొనేది ఎక్కువగా ఆడవాళ్లేనని తేలాక మహారాణి అయ్యింది.)

"ఇందులో గాడిద లేదు కదా మామ్మగారూ. లేని గాడిదకి డబ్బా ఎలా పంపుతాం?"

"లేకపోవడమేంటి బాబూ, ఇంటిదగ్గర కుంటుతోంది."

"కుంటొచ్చండి. ఆమోదం మాత్రం రాలేదు."

"పోనీ, నన్నే కాచుకోనివ్వండి."

"అమ్మో, అది ముని చెప్పిన రహస్యం. బయటికి పొక్కితే మీమీద కేసవుతుంది. అయినా ఇప్పుడు పసరు కంపని తీసేసి గంధం కలిపాం. గాడిదకేం తెలుసండీ గంధపు వాసన?"

"పసరు తీసేస్తే ఇంక మిగిలిందేముంది నాయనా?"

"రాణి," అన్నాడు అధికారి గర్వంగా. మామ్మ కదలకపోయేసరికి విసుగొచ్చింది. "ఏంటండీ, ఇంత పెద్ద కంపెనీని గాడిద కాళ్లు పట్టుకోమంటారా?"

"మీకెందుకు బాబూ ఆ శ్రమ. కాళ్లు నేను పట్టుకుంటా. ఒక్క డబ్బా ఇప్పించండి చాలు."

అధికారి మనసు కరిగింది. మామ్మ మోకాళ్లకి మాత్రమేనని మాట తీసుకుని, ఒక నమూనా డబ్బా చేతిలో పెట్టాడు. మామ్మ జీవితంలో మొదటిసారి మాట తప్పింది.

ఆ డబ్బా అడుగంటేదాకా రాణి కాళ్లకి రాసింది. కొట్టమంతా గుప్పుమని గంధం వాసన. రాణి లేవబోయి, లేవలేక, మళ్లీ కూలబడింది. మామ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. తప్పు తన చేతిదో, మందుదో తేలక డబ్బా తిరగేసి చూసింది. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 'ఈ లేపనాన్ని ఏ జంతువుమీదా పరీక్షించలేదు.'

ఆ డబ్బా మొత్తంమీద నిజం అదొక్కటే.