మహారాణి గారి రబ్బరు జోళ్ళు

రండమ్మా, ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. చేతులు ఊరికే ఉంచకండి, ఈ మొలకల తోకలు తుంచుతూ వినండి. చెప్పబోయేది రాజకుటుంబానికి సంబంధించిన సంగతి, కాబట్టి ఎవరూ నవ్వకూడదు. నవ్వొస్తే దగ్గండి.

సియోల్‌లో పాత రాజుల కోట గోడ పక్కనే ఒక పెద్ద హోటలుంది. కోటకీ హోటలుకీ మధ్య సన్నటి సందు. సందుకి అటువైపు ఒక్క రాజూ లేడు, ఇటువైపు దిగినవాళ్ళంతా రాజులే. ఈ లోటు సరిచేయడానికే హోటలువారు "రాజభోగ విడిది" అనే పథకం పెట్టారు. వచ్చినవాడు పళ్ళ డాక్టరైనా, పళ్ళూడిన ముసలాడైనా, గుమ్మంలో భటుల వేషం వేసుకున్న ఉద్యోగులు నడుము విరిగేలా వంగి "దయచేయండి ప్రభూ" అంటారు. గదిలో గోడకి ఒక ప్రకటన కూడా ఉంటుంది: "మీ కిటికీ పూర్వపు రాజుగారి పడకగది వైపు తెరుచుకొనును. కావున బనియనుతో నిలబడి ప్రభువులవారిని అగౌరవపరచరాదని మనవి." రాజుగారు పోయి నూరేళ్ళు దాటింది. అయినా మర్యాద మర్యాదే కదా.

అదే కోట వెనక బజారులో మల్సునవ్వ యాభై ఏళ్ళుగా పెసరట్లు వేస్తోంది. ఆవిడ పెనం మీది నూనె వాసన రోజూ టిక్కెట్టు లేకుండా కోటంతా తిరిగొస్తుంది గానీ, అవ్వ మాత్రం అటూ వెళ్ళలేదు, ఇటూ వెళ్ళలేదు. ఆవిడకి ఎనభయ్యో పుట్టినరోజు వచ్చింది. కూతురు కుమ్హీ పట్టుబట్టి హోటల్లో ఒకరోజుకి గది తీసుకుంది.

"పది నిమిషాలు నడిస్తే ఇల్లొస్తుంది. పరాయి మంచం మీద పడుకోడం దేనికే?" అంది అవ్వ.

"దాన్ని విశ్రాంతి అంటారమ్మా. ఇప్పుడందరూ చేస్తున్నారు."

"మరి ఇంట్లో పడుకుంటే?"

"దాన్ని పడుకోడం అంటారు."

తేడా తెలిసింది. అవ్వ తన తెల్ల రబ్బరు జోళ్ళు తీసి తుడిచింది. అవి రోజూ వేసుకునేవి కావు. పండక్కీ, పెళ్ళికీ, కొండమీద మొగుడి సమాధి దగ్గరికీ మాత్రమే. ఆ మొగుడు చిల్బోంగ్ పోయి పదకొండేళ్ళు. ఒకసారి ఎవరో పోయిన ఇంట్లో, గుమ్మం ముందు ముప్పై జతల తెల్ల జోళ్ళలో అవ్వవి ఎవరో తొడుక్కుపోతే, ఆవిడ మంచులో ఒట్టి మేజోళ్ళతో ఇంటికొచ్చింది. మర్నాడే చిల్బోంగ్ కొత్త జత తెచ్చి, లోపలి అంచున దబ్బనంతో ఎర్రదారం మూడు కుట్లు వేశాడు. "ఇక ఎవత్తె ఎత్తుకుపోయినా పట్టేస్తాను" అన్నాడు. ఆయన చేత్తో చేసింది ఇంట్లో ఇంకేం మిగల్లేదు, ఆ మూడు కుట్లే.

హోటలు గుమ్మం ముందు కుమ్హీ తల్లిని నిలబెట్టి ఫోటో తీసి, గది తాళాల కోసం ముందు లోపలికి పోయింది. అవ్వ తొంగి చూసింది. నేల మీద ఆవిడ మొహం ఆవిడకే కనపడుతోంది. అంత శుభ్రంగా తుడుచుకున్న ఇంట్లోకి జోళ్ళతో వెళ్ళేంత పెంపకం కాదు ఆవిడది. విప్పి, గుమ్మం పక్కన గోడవారగా, తిరిగి వెళ్ళేటప్పుడు తొడుక్కోడానికి వీలుగా ముక్కులు బయటికి తిప్పి, జతగా పెట్టింది. మేజోళ్ళతో చల్లగా లోపలికి నడిచింది. భటులు వంగిన నడుములు ఎత్తలేదు గనుక ఎవరూ చూడలేదు.

ఆ పరుపు మీద పడుకుంటే ఊబిలో దిగినట్టుందని, అవ్వ దుప్పటి నేలమీద పరుచుకుని హాయిగా నిద్రపోయింది. రాజుగారి కిటికీ వైపు కాళ్ళు పెట్టకుండా జాగ్రత్తపడింది కూడా.

ఈలోగా కింద జరగవలసింది జరిగింది. మర్నాడు ఉదయం హోటల్లో "రాణివాసపు నిత్యజీవితం" అనే ప్రదర్శన మొదలవ్వాలి. ఆ సాయంత్రమంతా పాత వస్తువుల పెట్టెలు దిగుతున్నాయి. గుమ్మం పక్కన అంత పొందిగ్గా పెట్టి ఉన్న జోళ్ళు పెట్టెలోంచి జారినవే అయ్యుంటాయని ఒక భటుడు గ్రహించి, తెల్ల చేతితొడుగులు వేసుకుని, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకుపోయాడు.

వాటిని పరీక్షించి మహారాణి గారివేనని తేల్చినది ప్రొఫెసర్ తక్ గారు. రాజవంశపు పాదరక్షల మీద ఆయన ఎనిమిది సంపుటాలు రాశారు. పాదాల మీద ఒక్క పేజీ కూడా రాయలేదు. రాజ్యం పోయాక గానీ దేశంలోకి రబ్బరు రాలేదన్న చిన్న చిక్కుని, "రాజ్యం పోయింది గానీ రాణిగారు పోలేదు కదా" అని ఆయన ఒక్క మాటతో విప్పేశారు. మడమ దగ్గరి అతుకు ఆ మహాతల్లి పొదుపుకి నిదర్శనం. అంచుకి పట్టిన నూనె మరక రాణివాసపు సుగంధ తైలం. చిటికెనవేలి దగ్గర ఉబ్బెత్తు ఉంది, అంటే ఆవిడ చాలా నడిచింది. రాణి అంత ఎందుకు నడుస్తుంది? దేశభక్తుల ఉత్తరాలు మోసిందన్నమాట. తెల్లవారేసరికి జోళ్ళు అద్దాలపెట్టెలో పట్టుదిండు మీద కూర్చున్నాయి, పక్కన ఈ వివరాలన్నీ చెక్కిన ఇత్తడి పలకతో సహా.

ఉదయం కిందికి దిగిన అవ్వకి గుమ్మం పక్కన ఒట్టి గోడ కనపడింది. అవతల గుంపు. అద్దెకి తెచ్చుకున్న పట్టుబట్టలతో ఆడపిల్లలు, కెమెరాలతో పత్రికలవాళ్ళు, వరసగా వంగి దండాలు పెడుతున్న పెద్దమనుషులు. అవ్వ వాళ్ళ చంకల కింద నుంచి దూరి చూసింది.

"ఓరి మీ దుంపతెగ! నా జోళ్ళు!"

మేనేజర్ నమ్గుంగ్ గారు చిరునవ్వు చెదరకుండా వచ్చారు. "ప్రభూ... అమ్మగారూ... దయచేసి అద్దం ముట్టుకోకండి."

"ముట్టుకోడమేంటి నాయనా, తొడుక్కోవాలి! లోపలి అంచున మూడు ఎర్ర కుట్లు చూడు. ఎడమ మడమకి సైకిల్ ట్యూబు అతుకు. అబద్ధమా?"

"అక్షరాలా నిజం," అన్నారు ప్రొఫెసర్ మెచ్చుకోలుగా. "మా పలక చాలా శ్రద్ధగా చదివారు."

"నాకు చదవడం రాదయ్యా అంత గబగబా!"

"అమ్మా, మెల్లగా. అందరూ చూస్తున్నారు," అని కుమ్హీ తల్లి చెయ్యి లాగింది. తర్వాత ఆవిడకి నిన్నటి ఫోటో గుర్తొచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏముంది? ఫోను తీసి మేనేజరు చేతిలో పెట్టింది. అయితే అది మనుషుల్ని బాగుచేసే ఫోను. అందులో అవ్వ ముడతలన్నీ పోయాయి, గడ్డం సన్నబడింది, కాళ్ళు కొంగ కాళ్ళలా సాగి, జోళ్ళు ఫోటో అంచు దాటిపోయాయి.

"ఈవిడకి ముప్పై అయిదు మించవే," అన్నారు మేనేజరు, "మీ చెల్లెలుగారా?"

కుమ్హీ ఎర్రబడింది. నా తల్లే అని చెప్పాలంటే తన ఫోటోల సంగతీ బయటపెట్టాలి. ఫోను లాక్కుని సంచిలో పడేసుకుంది.

అప్పుడు మేనేజరు గారు గుంపు వైపు తిరిగి నాలుగు మాటలు సెలవిచ్చారు. "సోదరసోదరీమణులారా! ఈ జోళ్ళు తనవేనని ఒక సామాన్యురాలు భ్రమపడిందంటే, మన ప్రజల గుండెల్లో రాజకుటుంబం ఎంత లోతుగా ఉందో చూడండి!" చప్పట్లు మోగాయి. అవ్వ హోటలు గదిలో ఇచ్చిన కాగితపు చెప్పులతో ఆ చప్పట్ల మధ్య నిలబడింది.

ప్రొఫెసర్ గారికి ఎందుకో సరదా పుట్టింది. "అమ్మా, ఇన్ని తెలిసినదానివి, ఆ కుట్లు వేసిందెవరో కూడా చెప్పు. మా పరిశోధనలో అదొక్కటే ఖాళీగా ఉంది."

"ఎవరేంటి? చిల్బోంగ్! ఇంకెవడు కుడతాడు అంత వంకరగా?"

ప్రొఫెసర్ కళ్ళు మెరిశాయి. చిల్బోంగ్! ఏ గ్రంథంలోనూ లేని పేరు. ఏ గ్రంథంలోనూ లేదంటే పనిగట్టుకుని దాచిన పేరన్నమాట. ఆయన పుస్తకం తీసి రాసుకున్నారు: "స్థానిక వృద్ధుల నోట నిలిచిన సంప్రదాయం."

మధ్యాహ్నానికి ఇత్తడి పలక మారింది. అవ్వ ఇంకా అక్కడే కుర్చీలో భీష్మించుకుని కూర్చుంది. జోళ్ళు ఇచ్చేదాకా కదలనంది. పలక బిగించి వాళ్ళు వెళ్ళాక లేచి, అద్దం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "ఆ-స్థా-న... కు-ట్టు-ప-ని... ని-పు-ణు-లు... చి-ల్-బోం-గ్... గా-రు."

"గారు" దగ్గర వేలు ఆగిపోయింది.

చిల్బోంగ్ ఇరవయ్యేళ్ళు వీపు మీద చెక్క చట్రానికి క్యాబేజీలు కట్టుకుని ఆ హోటలు వంటింటికి మోశాడు. వెనక తలుపు నుంచే. ఒక వానరోజు ముందు గుమ్మం చూరు కింద నిలబడితే, నేల పాడవుతుందని తోలేశారు. ఆ ఇరవయ్యేళ్ళలో ఎవరూ ఆయన పేరడగలేదు. క్యాబేజీలబ్బాయ్ అనేవారు, జుట్టు నెరిశాక కూడా.

కాసేపటికి మేనేజరు వచ్చి నచ్చజెప్పబోయారు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచుకోండి. ఎండ తగలనివ్వకండి, రబ్బరు పగులుతుంది. ఆ పేరున్న పలక మాత్రం రోజూ తుడవండి."

"అమ్మా!" అంది కుమ్హీ. "నాన్న కుట్టినవి కదే!"

"నా కాళ్ళకుంటే నేనొక్కదాన్నే చూస్తాను. ఇక్కడైతే చూడు, వచ్చిన ప్రతివాడూ మీ నాన్నకి వంగుతున్నాడు. అదుగో, ఆ టై కట్టుకున్నాయన ఇంకొంచెం వంగాలి."

తల్లీకూతుళ్ళు ముందు గుమ్మం నుంచే బయటికి వచ్చారు. భటులు వంగారు. వంగినవాళ్ళకి కాగితపు చెప్పులు కనపడ్డాయో లేదో తెలియదు.

అవ్వ ఇప్పటికీ పెసరట్లు వేస్తూనే ఉంది. ఆ ప్రదర్శన చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు తిన్నగా బజారుకొచ్చి ఆవిడ దగ్గరే తింటారు. నూనె ఎక్కువైందంటారు, తొందరగా ఇవ్వమంటారు. ఆవిడ కాళ్ళకి ఏముందో ఇంతవరకూ ఒక్కరూ చూసిన పాపాన పోలేదు.

మొలకలు అయ్యాయా? అయితే లేచే ముందు, గుమ్మం వైపు తిరక్కుండా చెప్పండి, రోజూ మీకు వండి పెట్టే మనిషి చెప్పులు ఏ రంగు? ... సరే, దగ్గకండి. ఈ సంగతి మనసులో పెట్టుకుని మీ వాళ్ళకి చెప్పండి. చెప్పాక ఆ ప్రశ్న కూడా అడగండి. చిల్బోంగ్ పేరు మాత్రం మర్చిపోకండి, గారు చేర్చి చెప్పండి.