పోట్లాట లేని విడాకులు

మన దేశంలో పెళ్ళికి పంచాంగం చాలు. విడాకులకు మాత్రం పగ కావాలి. 1976లో ఢిల్లీవారు చట్టం సవరించి, ఆలుమగలిద్దరూ ఇష్టపడి అడిగితే విడాకులివ్వవచ్చన్నారు. కాకపోతే ఆ చట్టం తెనాలికి ప్యాసింజరు బండిలో వచ్చింది.

హైమావతి బాపట్లలో ఆడపిల్లల బడి టీచరు. భర్త మస్తాన్‌రావుకు రేపల్లెలో చేపల వ్యాపారం. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. కలిసున్నన్నాళ్ళూ "వడ్డించనా", "వడ్డించు" తప్ప వాళ్ళ మధ్య మరో మాట పుట్టలేదు. ఆమె బదిలీ అడిగి బాపట్ల వెళ్ళిపోతే, ఆయనే స్టేషనుకొచ్చి ట్రంకుపెట్టె ఎక్కించాడు. అప్పట్నుంచి అద్దింటివాళ్ళకీ పాలమనిషికీ "మీవారెప్పుడొస్తారమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ ఆమెకు ప్రాణం విసిగింది. విడిపోదామని అడిగితే, "నీ ఇష్టం హైమా" అన్నాడాయన.

తెనాలిలో ఒక ప్లీడరు గారిని కలిసింది.

"కొట్టేవాడా అమ్మా?"

"లేదండి."

"పోనీ, తాగుతాడని రాద్దామా?"

"కాఫీ కూడా తాగరండి."

ఇంత బలహీనమైన మొగుడితో కేసు నిలవదని ఆయన చేతులెత్తేశారు. (వేరే మొగుణ్ణి తెచ్చుకోమనలేదు. అది ఆయన మంచితనం.) దాంతో హైమావతి గుండ్రటి అక్షరాలతో తనే అర్జీ రాసి, మస్తాన్‌రావుతో కలిసి కోర్టు హెడ్‌గుమాస్తా సంజీవరావు గారి ముందు పెట్టింది.

"ఇందులో ఎవరి మీద ఎవరు వేశారమ్మా?"

"ఇద్దరం కలిసే అడుగుతున్నామండి."

"ఒకరు అడగాలి, ఒకరు కాదనాలి. లేకపోతే కోర్టెందుకు?"

మస్తాన్‌రావు సర్దుకుపోయే మనిషి. "పోనీ నేను కాదంటానండి," అన్నాడు.

"కాదంటే మీకు ఇష్టం లేనట్టు. అప్పుడీ చట్టం వర్తించదు," అన్నారు సంజీవరావు గారు ప్రశాంతంగా.

మధ్యాహ్నం ఇద్దరూ వరండాలో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి పెసరట్టు తింటుంటే ఆయన కంటబడ్డారు. "జడ్జిగారు చూస్తే అర్జీ కొట్టేస్తారు. కాస్త విరోధంగా కూర్చోండి," అని హెచ్చరించారు. హైమావతి వరండా తూర్పు కొసకు జరిగింది. ఆమె వాటా పెసరట్టును మస్తాన్‌రావు బంట్రోతుతో పంపించాడు.

ఆరు నెలలు ఆగి రమ్మంది చట్టం, కోపం చల్లారడానికి. (కోపం లేనివాళ్ళు ఆ ఆరు నెలలూ ఏం చెయ్యాలో అందులో లేదు.) మళ్ళీ వచ్చిన రోజు, పిలుపు కోసం కూర్చున్నప్పుడు మస్తాన్‌రావు అడిగాడు.

"నువ్వు బళ్ళో ఏం చెబుతావు?"

"లెక్కలండి."

"నాకు తెలీదు సుమా."

ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చిందని ఇద్దరికీ తెలుసు. లోపల, ఆలోచించుకున్నారా అని జడ్జిగారు అడిగితే, ఆలోచించుకునే వచ్చామని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. విడాకులు మంజూరయ్యాయి. మస్తాన్‌రావు తలూపి, రేపల్లె బండికి వెళ్ళిపోయాడు.

తీర్పు నకలు కోసం హైమావతి సంజీవరావు గారి దగ్గర దరఖాస్తు తీసుకుంది. పేరు పక్కనే 'భర్త లేక తండ్రి పేరు' అని ఉంది.

"ఇప్పుడెవరి పేరు రాయాలండి?"

"నకలు చేతికొచ్చేదాకా ఆయన పేరే రాయండి. ఆ తర్వాత మీ నాన్నగారిది రాసుకుందురుగాని."

"మా నాన్నగారు పోయారండి."

"పోయినా చెల్లుతుందమ్మా," అన్నారు సంజీవరావు గారు. "మగవాడి పేరైతే చాలు."