కిందికెళ్లే తాతాజీ

మేడిశెట్టి తాతాజీ సిగరెట్లు మానేసి, ఆవిరి పీల్చే వేప్‌కి మారిన వారంలోనే, సిగరెట్టు కోసం కిందికెళ్లే తాతాజీ ఎప్పట్లాగే కుర్చీలోంచి లేచి కిందికెళ్లాడు. కుర్చీలో కూర్చునే తాతాజీ మాత్రం కుర్చీలోనే ఉండిపోయాడు. ఏలూరులోని తూముల తనిఖీ కార్యాలయంలో ఉదయం పదకొండంటే అందరూ సీట్లలో ఉండి ఎవరూ పనిలో ఉండని వేళ. అందుకని ఈ సంగతి చాలామందే చూశారు. ఎవరూ కేకలు పెట్టలేదు. పక్క సీటు గున్నేశ్వర్రావు, లేచినవాడికి దారివ్వడానికి కాళ్లు లోపలికి లాక్కుని, కూర్చున్నవాడి వైపు తిరిగి, "ఆ స్టాప్లర్ ఓసారిలా ఇస్తారాండీ" అన్నాడు.

సిగరెట్లు మానమని పట్టుబట్టింది కూతురు హారిక. ఫార్మసీ చదువుతోంది. పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి కాలేజీ నుంచి తెచ్చి, తండ్రి అన్నం తినే చోటికి ఎదురుగా గోడకి అంటించింది. ఆ బొమ్మ చూస్తూ పప్పుచారు కలుపుకోవడం తాతాజీ వల్ల కాలేదు. ఒట్టేశాడు. ఉత్త ఒట్టుతో రోజు గడవదని తెలిసినవాడు కాబట్టి తోడుగా వేప్ కూడా కొన్నాడు. అది అమ్మకూడదని చట్టం ఉంది కనుక బజార్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్లో దొరికింది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. పీల్చి వదిలితే మామిడిపండు వాసనతో ఆవిరి వస్తుంది. ఆఫీసులో దానికి ఛార్జింగు సిగరెట్టు అని పేరు పెట్టారు.

సిగరెట్టుకి లేవాలి, వెళ్లాలి, వెలిగించాలి, చివరికి పారెయ్యాలి. మధ్యలో పక్కవాడితో మాట్లాడక తప్పదు. తాతాజీ రోజంతా ఇన్నాళ్లూ ఆ పద్ధతిలోనే నడిచింది. పొద్దున కాఫీ తర్వాత వీధి చివరికి ఒకసారి, పదకొండుకి కింద బుల్లెబ్బాయి టీ బడ్డీ దగ్గరికి, భోజనం చేశాక మళ్లీ అక్కడికే, సాయంత్రం ఇంటి పెరటి మెట్ల మీదికి. అగ్గిపెట్టె ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. ఇంట్లో దేవుడి దగ్గర దీపం కూడా ఆ అగ్గిపెట్టెతోనే వెలిగేది. భార్య సత్యవేణి ఆయన జేబులోంచి తీసుకుని, తిట్టి, వెలిగించి, మళ్లీ జేబులోనే పెట్టేది.

వేప్‌కి ఇవేవీ అక్కర్లేదు. లేవనక్కర్లేదు, ఎవర్నీ అగ్గి అడగనక్కర్లేదు. తాతాజీ టేబులు సొరుగు తెరిచేవాడు, ఒక దమ్ము లాగేవాడు, ఆవిరి సొరుగులోకి ఊది మూసేసేవాడు. ఇంట్లో అయితే దుప్పట్లోకి ఊదేవాడు. బాత్రూములో అయితే కొళాయి తిప్పి ఊదేవాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తుండేది కాదు. ఎప్పుడు ఆపాడో అసలే గుర్తుండేది కాదు, ఆపితే కదా. ఆ నెలలో పై ఆఫీసు నుంచి ఒక ఫైలు వెనక్కి వచ్చింది. "జతపరచిన కాగితములు మామిడిపండు వాసన వచ్చుటకు గల కారణమును వివరించగలరు" అని దాని మీద రాసి ఉంది. తాతాజీ "ఋతుప్రభావము" అని జవాబు రాసి పంపాడు. ఆ జవాబుకి ఆమోదం వచ్చింది.

ఇక కిందికెళ్లిన తాతాజీ సంగతి. ఆయన టీ తాగి, కాసేపు నిలబడి, పైకొచ్చి, కుర్చీలో అప్పటికే మనిషి ఉండడం చూసి, వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. భోజనం తర్వాత మళ్లీ కిందికి. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వెళ్లేవారు. హారిక రోజూ ఇద్దరి చొక్కాలూ వాసన చూసేది. ఒకటి టీ వాసన, ఒకటి మామిడి వాసన. రెంటిలోనూ సిగరెట్టు వాసన లేదు కాబట్టి ఇద్దరూ పాసయ్యారు.

సూపరింటెండెంటు విమలాదేవి గారు హాజరు విషయంలో ఖచ్చితమైన మనిషి. సీట్లో ఉన్న తాతాజీని పిలిపించారు.

"తాతాజీగారూ, మీరు కింద ఉన్నారటండీ?"

"లేదండి మేడమ్. ఇక్కడే ఉన్నానండి."

"ఇక్కడున్నది నాకూ కనపడుతుందండీ. కింద కూడా ఉన్నారు కదా, దానికేమంటారు?"

"నేను మానేశానండి. ఆయనే మాన్లేదనుకుంటానండి."

విమలాదేవి గారు పై ఆఫీసుకి రాశారు. జవాబు త్వరగానే వచ్చింది. మంజూరైన పోస్టు ఒకటే అయినందున, జీతం కూడా ఒకటే అయినంతవరకు మనుషులు ఎందరున్నా శాఖకు అభ్యంతరం లేదు. అయితే వారిలో తాతాజీ ఎవరో విచారణ జరిపి తేల్చవలెను. రెండోవారిని ఆఫీసు సామగ్రిగా పరిగణించి స్టాకు రిజిస్టరులో చూపవలెను.

సీట్లో తాతాజీ ఇది రెండుసార్లు చదివాడు. బీరువాలు, బల్లలు, పాడైన టైపు మిషను ఉండే జాబితా అది. ఇన్నాళ్లు సర్వీసు చేసి, ఆఖరికి వాటి సరసన చేరాలా? అసలు మానింది తను. కష్టపడింది తను. కింద తిరిగేవాడు ఏం త్యాగం చేశాడని? ఒళ్లు మండి, వేప్ జేబులో పెట్టుకుని, మానేశాక మొదటిసారి పదకొండింటికి మెట్లు దిగాడు.

బుల్లెబ్బాయి బడ్డీ పక్కన కాలువ గట్టు గోడకి ఆనుకుని ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. లాకుల దగ్గర పనిచేసే మనిషొకడు వచ్చి అగ్గి అడిగితే, పుల్ల గీసి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డుపెట్టి వెలిగించి ఇచ్చాడు. అతని కొడుక్కి జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాక తలాడించి టీ తాగాడు. నోట్లో సిగరెట్టు లేదు. జేబులో ప్యాకెట్టు కూడా లేదు.

సీట్లో తాతాజీకి తనని తాను నువ్వనాలో మీరనాలో తెలియలేదు. ఎందుకైనా మంచిదని అండీ తగిలించాడు.

"కాల్చట్లేదాండీ?"

"మానేశాం కదండీ," అన్నాడు కిందాయన.

"మరి దేనికొచ్చినట్టండీ?"

"పదకొండైంది కదండీ."

సీట్లో తాతాజీ ఆ అగ్గిపెట్టె వైపు చూశాడు. ఇన్నేళ్లూ ఈయన సిగరెట్టుకే వస్తున్నాడని అనుకున్నాడు. కోపం దిగి సిగ్గేసింది. తనూ కాసేపు నిలబడదామనుకున్నాడు. బుల్లెబ్బాయి కొత్త మనిషిని చూసినట్టు చూసి, "మీకేం కావాలండీ?" అని అడిగాడు. ఏమీ వద్దన్నాడు. నిలబడినవాడికి ఊరికే ఉండడం చేతకాక వేప్ తీసి లాగాడు. పక్కనున్నవాళ్లు మామిడి వాసనకి కాస్త ఎడంగా జరిగారు. ఛార్జింగు అయిపోయిందని వేప్‌లో ఎర్ర లైటు వెలిగింది. ఛార్జరు పైన సీటు దగ్గరుంది. మెట్లెక్కి వెళ్లిపోయాడు.

విచారణ ఆఫీసు హాల్లోనే జరిగింది. విమలాదేవి గారు అందర్నీ ఒకటే ప్రశ్న అడిగారు: తాతాజీగారు మీకు ఎక్కడ తెలుసు? గున్నేశ్వర్రావు, ట్రాన్స్‌ఫరు ఆగిపోయినప్పుడు తాతాజీగారు తనకి ధైర్యం చెప్పింది కిందేనన్నాడు. మరి పక్క సీటే కదా అంటే, పక్క సీటు కాబట్టి అక్కడ ఎప్పుడూ మాట్లాడుకోలేదన్నాడు. బుల్లెబ్బాయి అయితే ఈ ఆఫీసుకి పై అంతస్తు ఉందనే తనకి నమ్మకం లేదన్నాడు. చివరికి విమలాదేవి గారు తన సాక్ష్యం తనే చెప్పుకున్నారు. "మావారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, కింద నిలబెట్టి నాకో టీ ఇప్పించి, ఏం కాదు మేడమ్ అన్న మనిషి తాతాజీగారండీ. ఆ మాట నేను మర్చిపోలేను."

"అది నేనేనండి మేడమ్," అన్నాడు సీట్లో తాతాజీ.

"అవునా అండీ? అయితే సీటు దగ్గర మీతో ఎవరైనా మాట్లాడారా? స్టాప్లర్ సంగతి కాక."

తాతాజీ గున్నేశ్వర్రావు వైపు చూశాడు. "పని చేసేది నేనేనండి," అన్నాడు చివరికి.

"పనిని బట్టి తేల్చాలంటే ఈ ఆఫీసులో చాలామందికి ఇబ్బందండీ," అన్నారు విమలాదేవి గారు. కుటుంబసభ్యుల సాక్ష్యం ఒక్కటే మిగిలిందనీ, మర్నాడు సత్యవేణిగారిని తీసుకురమ్మనీ చెప్పి విచారణ వాయిదా వేశారు.

ఆ సాయంత్రం సత్యవేణి గోరుచిక్కుళ్ల గిన్నె పట్టుకుని పడగ్గది గుమ్మంలోకి వచ్చింది. తాతాజీ మంచం మీద ఫ్యాను కింద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. వేప్ గోడ దగ్గర ప్లగ్గుకి తగిలించి ఉంది, వైరు చెయ్యంత దూరం మాత్రమే వస్తుంది కాబట్టి ఆయన కూడా అక్కడే ఉన్నాడు. వెనకటికి ఈ వేళకి ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని సిగరెట్టు కాల్చేవాడు. ఆమె గడప మీద కూర్చుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, చిక్కుళ్ల ఈనెలు తీస్తూ తిట్టేది. ఆ తిట్ల మధ్యలోనే మిగతా కాపరమంతా జరిగిపోయేది. హారికని ఏ కాలేజీలో వెయ్యాలన్నది ఆ మెట్ల మీదే తేలింది. మొదటి కాన్పు పోయినప్పుడు ఇద్దరూ ఏడ్చింది కూడా ఆ మెట్ల మీదే.

"రేపు ఏం చెప్పమంటారు?" అంది సత్యవేణి.

"నేనేనని చెప్పు. ఇంకేం చెప్తావు?"

"సరే. అయితే ఓ పది నిమిషాలు పెరట్లోకి రండి, మెట్ల మీద కూర్చుందాం. వాళ్లేమన్నా అడిగితే మీ గురించి నాలుగు ముక్కలు తెలియాలి కదా నాకు. ఈమధ్య మీరేం అనుకుంటున్నారో కూడా తెలీట్లేదు."

"వస్తా. ఇది కాస్త ఛార్జింగ్ ఎక్కనీ."

సత్యవేణి గుమ్మంలోనే నిలబడింది. ఆమె వెళ్లిపోవడం తాతాజీకి ఇష్టం లేదు. ఆ మాట అనాలనే అనుకున్నాడు. కానీ వైరు పీకకుండానే ఒక దమ్ము లాగడంతో ఎక్కిన ఛార్జింగు మళ్లీ దిగింది. కాసేపటికి గుమ్మం ఖాళీగా కనిపించింది. పెరట్లో మెట్ల మీద రెండు గొంతులు వినిపించాయి. ఒకటి ఆమెది, రెండోది తనదే. ఆమె ఏదో అంటే, తన గొంతు నవ్వింది.

మర్నాడు సత్యవేణి ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకొచ్చి, ఇద్దర్నీ ఒకసారి చూసి, నిలబడే చెప్పింది.

"మెట్ల మీద కూర్చునేవారండీ మావారు."

"మరి గదిలో ఉండేవారు?" అన్నారు విమలాదేవి గారు.

"మంచివారేనండీ. ఏమీ అడగరు."

ఆమె కళ్లు తుడుచుకుంది. విమలాదేవి గారు ఆ విషయం రికార్డు చేయలేదు.

ఉత్తర్వు ఆ రోజే వెలువడింది. కిందికెళ్లే మనిషి తాతాజీ. సీట్లోని మనిషి సామగ్రి. నంబరు వెయ్యడానికి తెల్లరంగు డబ్బా తెచ్చిన అటెండరు ఆయన్ని అటూ ఇటూ చూసి, "కుర్చీకున్న నంబరే మీకూ సరిపోద్దిలెండి, చొక్కా పాడుచెయ్యడం దేనికి," అన్నాడు. సామగ్రిగా మారాక ఆయన పనిలో తేడా ఏమీ రాలేదు. ఫైళ్లు అలాగే కదిలాయి, సొరుగు అలాగే తెరుచుకుంది. ముందుముందు ఆయనకి ఛాతీలో నొప్పి లాంటిది వస్తే ఆ ఖర్చు మరమ్మతుల పద్దు కింద రాసుకోవచ్చని పై ఆఫీసు దయతో అనుమతి కూడా ఇచ్చింది.

తర్వాత కొన్నాళ్లకి గున్నేశ్వర్రావు ఫోన్ చూసుకుంటూ ఉండగా, ఇంకో గున్నేశ్వర్రావు లేచి కిందికి నడిచాడు. ఈసారి విచారణ అవసరం పడలేదు. ఒక్కొక్కరే లేవసాగారు. బుల్లెబ్బాయి ఇంకో బల్ల వేయించాడు. పైన హాలు ఎప్పట్లాగే నిండుగా ఉండేది. స్టాకు రిజిస్టరుకి మాత్రం కొత్త కాగితాలు కుట్టించాల్సి వచ్చింది.

ఇంట్లోనూ అంతా సర్దుకుంది. దేవుడి దీపానికి అగ్గిపెట్టె మళ్లీ చొక్కా జేబులో దొరుకుతోంది. హారిక ఓ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ పీకేసి, "నాన్న నిజంగానే మానేశాడు" అని మెట్ల మీద కూర్చున్నాయన పక్కన చేరింది. ఆ మాట గదిలోకి వినిపించింది. తాతాజీకి మొదట సంతోషమే కలిగింది. లేచి వెళ్లి ఆ పక్కనే కూర్చోవాలనిపించింది కూడా. ప్లగ్గు వైపు చూశాడు. ఇంకా కొంచెం ఎక్కాలి.

పెరట్లోంచి సత్యవేణి గొంతు వినిపించింది. "దోమలొచ్చేస్తున్నాయి. లోపల ఎవరన్నా ఉంటే ఆ లైటు ఆపండి."

తాతాజీ చెయ్యి చాచి లైటు ఆపాడు. చీకట్లో గోడ దగ్గర చిన్న నీలం దీపం వెలుగుతూ ఉంది. అది ఉన్నంతవరకు గదిలో ఎవరో ఒకరు ఉన్నట్టే లెక్క.